ఎలుక చెవి ముహూర్తం

మార్చి. హీయుమా దీవి చుట్టూ సముద్రం
ఇంకా పగిలిన పింగాణీలా తెల్లగానే ఉంది.
వంటింటి కిటికీలో కోడిగుడ్ల అట్టలు నాలుగు పరిచి
గుంటకొక ఆలుగడ్డని కూర్చోబెట్టాను,
కళ్ళు ఎక్కువున్న వైపు పైకి.

పోయినేడు నేలమాళిగలో వదిలేశాను.
ఏప్రిల్‌కల్లా చీకట్లో పాలిపోయి, పొడుగ్గా సాగి,
ముట్టుకుంటే పుటుక్కున విరిగాయి.
"వెలుగు కావాలి, వెచ్చదనం వద్దు" అంది విర్వె.
"బిడ్డల్ని సాకినట్టు కాదే,
అప్పిచ్చినవాణ్ణి చూసుకున్నట్టు చూసుకోవాలి.
కళ్ళెదుట ఉండాలి, కాస్త చల్లగా ఉండాలి."

విర్వె ఇల్లు నాకు కుడివైపు.
ఎడమవైపు ఆమె తమ్ముడు హెల్డుర్.
ఇద్దరికీ పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు.
ఒక రంపం గురించట.
ఆ రంపం ఇప్పుడెవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు.
పడవరేవులో టిక్కెట్లు చింపే నేను, మారిట్‌ని,
వాళ్ళిద్దరి మధ్య కంచెని.

ముప్పై ఏళ్ళు వాతావరణ కేంద్రంలో
పాదరసం చదివినవాడు హెల్డుర్.
"బెత్తెడు లోతు మన్నులో ఎనిమిది డిగ్రీలు,
వరసగా మూడు పొద్దులు. అంతవరకూ పార ముట్టకు."

విర్వెకి అంకెలు గిట్టవు.
ఆమె కార్తెలన్నీ కొమ్మల మీదే ఉంటాయి.
బిర్చి ఆకు ఎలుక చెవంత కాగానే సాళ్ళు తియ్యాలి,
టూమింగస్ చెట్టు పూత విచ్చేలోగా
గడ్డ మన్నులో పడాలి.
"పూత వచ్చాక చలి ఒకసారి తిరిగొస్తుంది,
మర్చిపోయిన గొడుగు కోసం వచ్చిన చుట్టంలా."

మే ఆరున
ఆకు ఎలుక చెవంత అయింది.
మన్ను మాత్రం ఆరు దగ్గరే ఆగింది.
మొలకలు గోరంత ఉన్నాయి,
పొట్టిగా, బొద్దుగా, ఊదారంగు ముక్కులతో.
విర్వె నాటేసింది.
హెల్డుర్ నా పెరట్లో నిలబడి
"ఆరు! ఆరే!" అని నాకు చెప్పాడు,
రెండిళ్ళ అవతలికి వినిపించేంత గట్టిగా.
నేను సగం నాటాను.
సగం కిటికీలోనే ఉంచాను.
పిరికివాళ్ళ సేద్యం ఇలాగే ఉంటుంది.

జూన్ రెండు.
రాత్రికి చీకటి సరిగ్గా పట్టని రోజులు.
టూమింగస్ పూలు రాలుతున్నాయి.
తొలి పడవకి పోదామని మూడున్నరకి తలుపు తీస్తే
గడ్డి మీద తెల్లమంచు, పళ్ళు కరకరలాడే చలి.
విర్వె మడిలో
అప్పుడే మన్ను చీల్చుకొచ్చిన మొక్కల మీద
వరసగా కాగితాలు, మూలమూలకీ రాళ్ళు.

వంగి చూశాను. నీలం సిరా, పొందికైన చేతిరాత.
"జూన్ మూడు, వేకువ. మైనస్ రెండు. గాలి లేదు."
ఏనాటి చలో
ఈ చిగుళ్ళకి దుప్పటైంది.
ఆయన గడ్డలు ఆలస్యంగా నాటినవి,
ఇంకా నేల లోపలే ఉన్నాయి, వాటికి భయం లేదు.
నా సగం మడి దగ్గరికి వచ్చేసరికి
కాగితాలు చాల్లేదనుకుంటా.
రెండు బనీన్లు, ఒక తువ్వాలు.

పొద్దెక్కాక విర్వె ఆ కాగితాలన్నీ ఏరి
బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసింది.
తేదీల వారీగా సర్ది, మట్టి మరకలతోనే
నా చేతికిచ్చింది.
హెల్డుర్ రెండుసార్లు లెక్కపెట్టాడు.
"ఒకటి తక్కువ" అన్నాడు.
అడిగి రమ్మనలేదు.

మాటలు ఇప్పటికీ లేవు.
ఆగస్టులో ఆమె ఉడికించిన కొత్త గడ్డలు, సోయాకు చల్లి,
గిన్నె నాకే ఇచ్చింది.
అందులో ఒక్కరికి మించినవే ఉన్నాయి.

మళ్ళీ మార్చి వచ్చింది.
నిన్న విర్వె కిటికీలో అట్టల వెనకాల
నీలం సిరా కాగితం ఒకటి అంటించి ఉంది.
ఏ రోజుదో నేను చదవలేదు.
ఆమె గడ్డ ఒకటి తీసి, బొటనవేలితో తుడుస్తూ,
నా వైపు చూడకుండా అడిగింది:
"వాడు గడ్డలు పెట్టాడా?"
పెట్టాడన్నాను.
"కళ్ళు పైకేనా?"